ఏ మాట ఏ ప్రశ్నకు జవాబు? రసాయనశాస్త్రంలో పదార్థాల పేర్లు

అందరికీ నమస్కారం.

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహ్ పట్టణంలో మూడు రోజుల పాటు ఒక సమావేశం జరిగింది. యూరప్ నలుమూలల నుంచి వంద మందికి పైగా రసాయన శాస్త్రవేత్తలు వచ్చారు. ఎవరో కొత్తగా ఏదో కనిపెడితే వినడానికి కాదు. పరమాణువు అంటే ఏమిటి, అణువు అంటే ఏమిటి, తుల్యభారం అంటే ఏమిటి అని మాటల అర్థాలు తేల్చుకోవడానికి వచ్చారు. అప్పటి గందరగోళం అలాంటిది. నీటిని కొందరు హెచ్‌ఓ అని రాసేవారు, కొందరు హెచ్‌టూఓ అని రాసేవారు. ఎసిటిక్ ఆమ్లానికి వాడుకలో ఉన్న ఫార్ములాలన్నీ జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకులే ఒకచోట చేరిస్తే 19 తేలాయి. పదార్థం ఒక్కటే, రాతలు పందొమ్మిది. ఒకరు రాసింది ఇంకొకరికి అర్థం కాకపోతే ఇక ఆ శాస్త్రం ముందుకెలా సాగుతుంది?

ఈరోజు నేను మాట్లాడేది దానికంటే కింది మెట్టు మాటల గురించి. ద్రవ్యం, పదార్థం, మూలకం, సమ్మేళనం, మిశ్రమం, ద్రావణం, ప్రావస్థ. హైస్కూల్లో అందరం చదివినవే. ఒక చెట్టు బొమ్మ గీసి, పైన ద్రవ్యం అని రాసి, కింద రెండు కొమ్మలు, వాటి కింద ఇంకో రెండు కొమ్మలు గీసి బట్టీ పట్టించేస్తారు. ఆ బొమ్మ మీద నాకు చాలా కాలంగా అభ్యంతరం ఉంది. అన్ని మాటలూ ఒకే ప్రశ్నకు జవాబులన్నట్టు చూపిస్తుందది. నిజానికి ఒక్కో మాటది ఒక్కో ప్రశ్న, ఒక్కో పరీక్ష. ఏ పరీక్ష చేశాక ఆ పేరు పెట్టారో తెలియకపోతే పేరు తెలిసినా ఉపయోగం లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ద్రవ్యంతో మొదలుపెడదాం. బరువుంటుంది, చోటు ఆక్రమిస్తుంది, అదే ద్రవ్యం. ఇందులో పెద్ద చిక్కేం లేదు. రాయి ద్రవ్యం, గాలి ద్రవ్యం, కాంతి కాదు, వేడి కాదు. తేలిగ్గా చెప్పేశాను గానీ, వేడి ద్రవ్యం కాదని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కథ కాసేపట్లో వస్తుంది.

ఇక పదార్థం. మామూలు మాటల్లో దేన్నైనా పదార్థం అనేస్తాం. రసాయనశాస్త్రంలో మాత్రం దీనికి బిగువైన అర్థం ఉంది. ఎక్కడ నుంచి తీసినా, ఎంత తీసినా, కూర్పు మారకుండా ఉండేదే పదార్థం. రాగి తీగ, రాగి రేకు, రాగి పొడి మూడు వస్తువులు, కానీ పదార్థం ఒక్కటే. ఆకారం, సైజు, ఎందుకు వాడతాం అన్నవి పదార్థం సంగతులు కావు. అవి వస్తువు సంగతులు. నీటిలో బరువు ప్రకారం చూస్తే హైడ్రోజన్ 11.2 శాతం, ఆక్సిజన్ 88.8 శాతం. వాన నీటిని శుద్ధి చేసి చూసినా, సముద్రపు నీటిని స్వేదనం చేసి చూసినా, ల్యాబ్‌లో హైడ్రోజన్‌ను మండించి నీరు తయారుచేసి చూసినా అంతే. పుట్టిన చోటు పదార్థానికి పట్టదు.

దీని మీదే ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. 'ఇందులో కెమికల్స్ లేవు' అని లేబుళ్ల మీద రాస్తుంటారు. ద్రవ్యంతో తయారైనది ఏదైనా రసాయన పదార్థాలతో తయారైనదే. నీరు కెమికల్, ఆక్సిజన్ కెమికల్. ఫ్యాక్టరీలో తయారైన విటమిన్ సి అణువుకూ, పండులో తయారైన విటమిన్ సి అణువుకూ నిర్మాణంలో తేడా లేదు. ఆ లేబుల్ రాసినవాళ్లు చెప్పాలనుకున్నది బహుశా 'హాని చేసేవి కలపలేదు' అని. అయితే ఏవి కలపలేదో, ఎంత మోతాదైతే హానో చెప్పాలి. దేని గురించి చెబుతున్నారో తెలియని మాటతో జనాన్ని భయపెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు మూలకం. ఇక్కడ కాస్త నిలబడాలి.

1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియే 33 మూలపదార్థాల జాబితా ఇచ్చాడు. ఆయన పెట్టుకున్న కొలబద్ద చాలా నిజాయితీగా ఉంటుంది: విడగొడుతూ పోతే ఎక్కడ ఇక విడగొట్టలేక ఆగిపోతామో, అది మూలకం. అంటే మూలకం అన్నది ప్రకృతి ఇచ్చిన బిరుదు కాదు, మన పనిముట్లు ఎంతవరకు వెళ్లగలిగాయో చెప్పే మాట. ఆ జాబితాలో ఆక్సిజన్, హైడ్రోజన్, గంధకం, బంగారం ఉన్నాయి. కాంతి, ఉష్ణం కూడా ఉన్నాయి! వేడి కూడా ఒక పదార్థమేనని అప్పటి నమ్మకం. ఇంకా సున్నం, మెగ్నీషియా, బరైటా, అల్యూమినా, సిలికా ఉన్నాయి. ఈ అయిదింటినీ ఎవరూ విడగొట్టలేకపోయారు కాబట్టి జాబితాలోకి వచ్చాయి. మరో ఇరవై ఏళ్లకు హంఫ్రీ డేవీ చేతికి విద్యుత్తు దొరికింది. 1807లో పొటాషియం, సోడియం తీశాడు. 1808లో సున్నం నుంచి కాల్షియం బయటికి తీశాడు. సున్నం మారలేదు, పరీక్ష మారింది. దాంతో మూలకాల జాబితా నుంచి సున్నం పేరు పోయింది.

ఈరోజు మన దగ్గర ఇంకా గట్టి కొలబద్ద ఉంది. కేంద్రకంలో ప్రోటాన్ల సంఖ్య ఒకటే అయితే ఒకే మూలకం. 6 ప్రోటాన్లుంటే కార్బన్, 8 ఉంటే ఆక్సిజన్. చర్చ అక్కడితో ముగిసిపోవాలి కదా? ముగియలేదు. ఎందుకంటే మూలకం అన్న మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ఇచ్చిన నిర్వచనంలో కూడా ఆ రెండూ ఉన్నాయి. ఒకటి, ఒకే ప్రోటాన్ సంఖ్య ఉన్న పరమాణువుల జాతి. రెండు, అలాంటి పరమాణువులతో మాత్రమే తయారైన శుద్ధ పదార్థం.

తేడా చిన్నదిగా అనిపిస్తుంది. ఉప్పునే తీసుకోండి. 'ఉప్పులో సోడియం, క్లోరిన్ ఉన్నాయి' అంటాం. సోడియం అంటే నీటిలో వేస్తే భగ్గుమనే లోహం. క్లోరిన్ అంటే ఊపిరి ఆపేసే వాయువు. ఆ రెండూ ఉప్పులో ఉన్నాయా? లేవు. ఆ లోహమూ లేదు, ఆ వాయువూ లేదు. మరి ఉన్నదేమిటి? 11 ప్రోటాన్లున్న కేంద్రకాలు, 17 ప్రోటాన్లున్న కేంద్రకాలు, అవి కూడా ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, పుచ్చుకుని అయాన్లుగా మారినవి. మొదటి అర్థంలో మూలకం ఉప్పులో ఉంది. రెండో అర్థంలో లేదు. క్లాసులో ఒక పిల్లవాడు లేచి 'విషవాయువు ఉన్న ఉప్పు విషం ఎందుకు కాదు సార్?' అని అడిగితే, ఆ పిల్లవాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. మనం ఒకే మాటను రెండు అర్థాల్లో వాడి, ఆ సంగతి చెప్పకపోవడమే తప్పు.

ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ ఈ తేడాను బాగా పట్టించుకున్నాడు. ఆవర్తన పట్టికలో గడి ఇచ్చింది కంటికి కనిపించే పదార్థాలకు కాదు. ఆ గడిలో 'కార్బన్' అని ఉంటుంది. వజ్రం అనో గ్రాఫైట్ అనో ఉండదు. 1797లో స్మిత్‌సన్ టెనంట్ వజ్రాన్ని మండించి, అంతే బరువున్న బొగ్గును మండిస్తే వచ్చినంత కార్బన్ డయాక్సైడే వచ్చిందని చూపించాడు. వజ్రం, గ్రాఫైట్ రెండు పదార్థాలు, వాటిలోని మూలకం ఒకటి. ఆక్సిజన్ వాయువు, ఓజోన్ కూడా అంతే. ఒకటి లేకపోతే బతకలేం, రెండోది ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మూలకం ఒకటే. కాబట్టి 'మూలకాల లక్షణాలు' అని పుస్తకంలో కనిపిస్తే పిల్లలను ఒక్క క్షణం ఆపండి. మెరుపు, రంగు, ద్రవీభవన స్థానం ఇవన్నీ పదార్థం లక్షణాలు. ఒక్క పరమాణువుకు రంగూ మెరుపూ అంటగట్టలేం.

(సభలో ఒకరు: మరి సమ్మేళనానికీ మిశ్రమానికీ తేడా నిష్పత్తేనా?)

నిష్పత్తి చాలా ముఖ్యం. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ప్రూస్ట్ చెప్పింది అదే. ఒక సమ్మేళనంలో మూలకాల బరువుల నిష్పత్తి ఎప్పుడూ ఒక్కటే అన్నాడు. బెర్తొలే ఒప్పుకోలేదు, నిష్పత్తి కొంత పరిధిలో మారవచ్చు అన్నాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలైన ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది, మర్యాద తప్పకుండా సాగింది. ప్రూస్ట్ గెలిచాడు. డాల్టన్ పరమాణు సిద్ధాంతానికి ఆ గెలుపు బలమైంది. కానీ బెర్తొలేను మరీ పక్కన పెట్టేయకండి. ఉస్టైట్ అనే ఐరన్ ఆక్సైడ్ ఉంది. ఫార్ములా చూస్తే ఇనుము ఒకటి, ఆక్సిజన్ ఒకటి ఉండాలి. నిజంగా కొలిస్తే 100 ఆక్సిజన్‌లకు ఇనుము దాదాపు 95 మాత్రమే. కొన్ని నమూనాల్లో అంతకంటే తక్కువ. స్ఫటికంలో ఇనుము ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉండిపోతాయి. అది మిశ్రమం కాదు, స్ఫటికమంతా ఒకటే. ఇలాంటి సమ్మేళనాలకు తర్వాతి కాలంలో బెర్తొలే పేరే పెట్టి బెర్తొలైడ్లు అన్నారు. అందుకని 'సమ్మేళనం అంటే స్థిర నిష్పత్తి' అన్నది చాలావరకు నిలిచే పరీక్షే గానీ, ఘనపదార్థాల దగ్గర జాగ్రత్తగా వాడాలి.

ఇంకొకటి. సమ్మేళనం అనగానే అణువులు అనేసుకోకండి. ఉప్పు స్ఫటికంలో ఒక సోడియానికి ఒక క్లోరిన్ జంట కట్టి ఉండదు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. 'ఉప్పు అణువు' అన్నది ఆ స్ఫటికంలో ఎక్కడా దొరకదు.

మిశ్రమం దగ్గరికి వద్దాం. పైకి ఒకేలా కనిపించేది ఒకే పదార్థమా, కొన్ని కలిసినదా? తెలుసుకోవాలంటే విడదీసి చూడాలి. వడపోత, స్వేదనం, స్ఫటికీకరణం, క్రొమటోగ్రఫీ. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక కథ చెబుతాను.

లార్డ్ రేలీ వాయువుల సాంద్రతను చాలా ఓపిగ్గా కొలుస్తున్నాడు. నైట్రోజన్‌ను రెండు దారుల్లో తయారుచేశాడు. ఒకటి, గాలిని ఎర్రగా కాల్చిన రాగి మీదుగా పంపి ఆక్సిజన్‌ను తీసేయడం. రెండోది, అమ్మోనియా నుంచి తయారుచేయడం. రెండూ నైట్రోజనే. పదార్థం ఒకటైతే సాంద్రత ఒకటే రావాలి. గాలి నుంచి తీసింది లీటరుకు 1.2572 గ్రాములు తూగింది. రసాయనాల నుంచి తీసింది 1.2505 గ్రాములు. తేడా మూడో దశాంశ స్థానంలో! చాలామంది అయితే తూకంలో పొరపాటు అని వదిలేసేవారు. రేలీ వదల్లేదు. మళ్లీ మళ్లీ కొలిచాడు, తేడా పోలేదు. 1892లో కారణం ఎవరైనా చెప్పగలరా అని నేచర్ పత్రికకు ఉత్తరం రాశాడు.

విలియం రామ్సే రంగంలోకి దిగాడు. గాలి నుంచి తీసిన నైట్రోజన్‌ను వేడి మెగ్నీషియం మీదుగా పదే పదే పంపాడు. మెగ్నీషియం నైట్రోజన్‌ను తినేస్తుంది. చివరికి కొంచెం వాయువు మిగిలింది, అది దేనితోనూ కలవలేదు. దాని వర్ణపటంలో అంతవరకు ఏ వాయువులోనూ చూడని గీతలున్నాయి. 1894లో ఇద్దరూ కలిసి కొత్త వాయువును ప్రకటించారు. అదే ఆర్గాన్. మనం పీల్చే గాలిలో 0.93 శాతం అదే. అందరూ 'శుద్ధమైన నైట్రోజన్' అని పిలిచినది మిశ్రమం అన్నమాట.

అంతకు నూరేళ్లకు పైగా ముందు, 1785లోనే, కావెండిష్ గాలిలో విద్యుత్ మెరుపులు పుట్టించి నైట్రోజన్‌ను అంతా తొలగించబోయాడు. ఎంత చేసినా ఒక చిన్న బుడగ మిగిలిపోయింది. మొదట ఉన్నదానిలో 120వ వంతుకు మించదని రాసి పెట్టాడు. దాచిపెట్టలేదు, సర్దేయలేదు, రాశాడు. రేలీ ఆ ప్రయోగాన్నే మళ్లీ చేసి చూశాడు. ఆ బుడగ ఆర్గానే.

శుద్ధ పదార్థాన్ని గుర్తుపట్టడానికి బడిలో చెప్పే ఇంకో పరీక్ష, స్థిరమైన మరుగు స్థానం. శుద్ధమైనది ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది, మిశ్రమం మరుగుతూ ఉంటే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. మంచిదే, కానీ ఇదొక్కటే నమ్ముకుంటే మోసపోతాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని మరిగిస్తూ పోతే, హైడ్రోజన్ క్లోరైడ్ 20.2 శాతం దగ్గర ఆగి, 108.6 డిగ్రీల దగ్గర స్థిరంగా మరుగుతుంది. ఆవిరిదీ అదే కూర్పు, ద్రవానిదీ అదే కూర్పు. దీన్ని సమ్మేళనం అనుకున్నవాళ్లున్నారు. హెన్రీ రాస్కో ఏం చేశాడంటే, ఒత్తిడి మార్చి మరిగించాడు. కూర్పు మారిపోయింది! నిజమైన సమ్మేళనమైతే ఒత్తిడి మారినంత మాత్రాన నిష్పత్తి మారదు. ఎంత చక్కని పరీక్షో చూడండి. ఇలాంటి మిశ్రమాలను అజియోట్రోపులు అంటాం. ఇథైల్ ఆల్కహాల్, నీరు కూడా ఇలాగే ఆల్కహాల్ 95.6 శాతం దగ్గర జట్టుకట్టేస్తాయి. మామూలు స్వేదనంతో అంతకు మించి శుద్ధి కాదు.

తర్వాత ప్రావస్థ. చెట్టు బొమ్మలో అసలు చోటే లేని మాట ఇది. అంతటా ఒకేలా ఉండి, పక్క భాగం నుంచి హద్దుతో వేరుగా కనిపించే భాగమే ప్రావస్థ. ఒక గ్లాసులో మంచుముక్కలు వేసిన నీరు ఉంది. అది మిశ్రమమా? కంటికి రెండు రకాలుగా కనిపిస్తోంది కాబట్టి విజాతీయం. కానీ పదార్థం ఒక్కటే, నీరు. ప్రావస్థలు రెండు, ఘనం, ద్రవం. పక్క గ్లాసులో ఉప్పు పూర్తిగా కరిగిన నీరు ఉంది. ప్రావస్థ ఒక్కటే, పదార్థాలు రెండు. ఈ రెండు గ్లాసులూ పక్కపక్కన పెడితే చాలు, 'పదార్థాలెన్ని?' అన్న ప్రశ్న వేరు, 'ప్రావస్థలెన్ని?' అన్న ప్రశ్న వేరు అని పిల్లలు వెంటనే పట్టేస్తారు. ప్రావస్థ, స్థితి కూడా ఒకటి కావు. నూనె, నీరు రెండూ ద్రవ స్థితే, కలిపితే ప్రావస్థలు రెండు. వజ్రం, గ్రాఫైట్ రెండూ ఘనమే, ప్రావస్థలు వేరు.

ద్రావణం అంటే ద్రవమే కానక్కర్లేదు. గాలి వాయు ద్రావణం. రాగిలో జింక్ కలిసిన ఇత్తడి, జింక్ పాలు ఒక హద్దు దాటనంతవరకు, ఘన ద్రావణం. రాగి స్ఫటికంలో కొన్ని చోట్ల రాగి పరమాణువు బదులు జింక్ కూర్చుంటుంది, అంతే.

(సభలో మరొకరు: పొగమంచు ద్రావణమా, కాదా?)

కాదు. అక్కడ నీటి తుంపరలు గాలిలో విడిగానే ఉన్నాయి, కరగలేదు. అలాగని కిందికి దిగిపోవడమూ లేదు. థామస్ గ్రాహం 1861లో ఇలాంటివాటికి కొల్లాయిడ్ అని పేరు పెట్టాడు. కణాల సైజు సుమారు 1 నుంచి 1000 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని అలా అంటాం. పొగమంచు తుంపరలు అంతకంటే పెద్దవే గానీ, అలవాటుగా దాన్ని కూడా ఇందులోనే చేరుస్తారు. టార్చి వేసి చూడండి, వెలుగు దారి కనిపిస్తుంది. ఉప్పు నీటిలో కనిపించదు. ఫారడే 1857లో బంగారాన్ని అతి సన్నటి కణాలుగా చేసి నీటిలో నిలిపాడు. అది పచ్చగా కాదు, కెంపు రంగులో ఉంటుంది. ఆ సీసాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. చూడటానికి ఒకే ద్రవంలా ఉంటుంది, వెలుగు పడితే బయటపడుతుంది. అంటే సజాతీయమా, విజాతీయమా అని అడిగే ముందు ఎంత సన్నగా చూస్తున్నామో చెప్పాలి. ఆ మాట చెప్పకుండా అడిగే పరీక్ష ప్రశ్నకు సరైన జవాబు లేదు.

మరి 'శుద్ధం' అన్న మాటో? కంప్యూటర్ చిప్పుల కోసం తీసే సిలికాన్ 99.9999999 శాతం శుద్ధం అంటారు, తొమ్మిది తొమ్మిదులు. ఒక ఘన సెంటీమీటరు సిలికాన్‌లో పరమాణువులు 5 తర్వాత 22 సున్నాలు పెట్టినన్ని. వంద కోట్లకు ఒకటే పరాయి పరమాణువు ఉన్నా, ఆ చిన్న ముక్కలో అలాంటివి 50 లక్షల కోట్లు ఉన్నట్టు. కాబట్టి శుద్ధం అన్నప్పుడల్లా 'ఏ పనికి శుద్ధం?' అని అడగాలి. కిటికీ అద్దానికి చాలినంత శుద్ధం ట్రాన్సిస్టర్‌కు చాలదు.

(మొదట అడిగినవారే: కనీసం నీరైనా శుద్ధ పదార్థం అనుకోవచ్చా?)

అనుకోవచ్చు, ఏమి అనుకుంటున్నామో తెలిసి అనుకోవాలి. నీటిలో ప్రతి అణువూ హెచ్‌టూఓగానే ఉండదు. 25 డిగ్రీల దగ్గర సుమారు 55 కోట్ల అణువులకు ఒకటి చొప్పున అయాన్లుగా విడిపోయి ఉంటుంది. దాన్ని కల్తీ అనలేం, నీటి స్వభావమే అది. వేరు చేసి పక్కన పెడదామన్నా కుదరదు, మళ్లీ పుడతాయి. అందుకే నీటిని ఒకే పదార్థం అంటాం. ఐసోటోపుల సంగతి వేరు. ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు. సముద్రపు నీటిలో దాదాపు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. పూర్తిగా డ్యుటీరియంతో చేసిన భారజలం 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. దాన్ని వేరుగా అమ్ముతారు, వాడతారు. మూలకం ఒకటే, పదార్థం మాత్రం వేరని చెప్పాల్సి వస్తుంది.

ఇది గీతలు గీసుకునే చర్చ అనుకోకండి. 1954 నుంచి ఉష్ణోగ్రత ప్రమాణం కెల్విన్‌ను నీటి త్రిక బిందువుతో నిర్వచించారు. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలిచే ఉష్ణోగ్రత అది, 273.16 కెల్విన్‌లు. నిర్వచనంలో 'నీరు' అని రాశారు, ఏ నీరో రాయలేదు. కొలతలు సూక్ష్మమయ్యేకొద్దీ, వేర్వేరు చోట్ల నీటిలో డ్యుటీరియం, బరువైన ఆక్సిజన్ పాలు కొంచెం వేరుగా ఉండటం వల్ల త్రిక బిందువులు డిగ్రీలో వెయ్యో వంతు కంటే తక్కువ తేడాతో విడిపోవడం కనిపించింది. ఆ తేడా మామూలు పనులకు లెక్కలోకి రాదు గానీ ప్రమాణానికి పనికిరాదు. దాంతో 2005లో తూనికలు, కొలతల అంతర్జాతీయ కమిటీ ఆ నిర్వచనంలోని నీటికి ఐసోటోపుల నిష్పత్తిని అంకెలతో సహా రాసిపెట్టింది. ఒక మోల్ (పరమాణువులను లెక్కపెట్టే ప్రమాణం) మామూలు హైడ్రోజన్‌కు డ్యుటీరియం 0.00015576 మోల్. 2019 మే 20న కెల్విన్ నిర్వచనాన్ని నీటి నుంచి బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం అనే మారని సంఖ్యకు మార్చేవరకు, అంటే దాదాపు పద్నాలుగేళ్లు, ఆ నిర్వచనంలో 'నీరు' అంటే సరిగ్గా ఆ నిష్పత్తి ఉన్న నీరే.